కాడి పడని రోజు

మా బావ ఎడ్లను మేపిన తీరు గురించి పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకుంటాయి. కూతుర్ని తయారు చేసిన తీరు గురించి కూడా చెప్పుకుంటాయి. రెండూ పొగడ్తలే. మొదటిదానికి నేనూ తల ఊపుతాను. రెండోది చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. "ఆ పిల్ల ఒక్క పూట మానేది కాదయ్యా, వానొచ్చినా వడగాలొచ్చినా కాలవ కట్ట మీద పరిగెత్తాల్సిందే" అని టీ కొట్టు బల్ల మీద కూర్చుని చెప్పే పెద్దమనుషులకు ఆ పిల్ల కాలు ఎందుకు విరిగిందో తెలియదా? తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలిసీ ఆ ముక్క మింగేస్తారు. అందుకే నేను రాస్తున్నాను.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తరవాత నేర్చుకున్నదంతా మిర్చి చేలో కాపలాకి పోయి, మంచె మీద కూర్చుని, పంచాయతీ లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివి నేర్చుకున్నదే. పకోడీ పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివిగాని పారేసేవాణ్ణి కాదు. మా బావ నన్ను 'పొట్లాల పండితుడు' అనేవాడు. బావ అంటే మా అక్క భర్త. మా ఇంటికి ఎదురిల్లే. ఆయన ఇంట్లో దగ్గితే మా ఇంట్లో వినపడేది. కాబట్టి ఇప్పుడు చెప్పేది ఒకరు చెప్పగా విన్నది కాదు.

బావకి బండలాగుడు పందేల పిచ్చి. మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తిరునాళ్ళప్పుడు పొడవాటి రాతిబండకు గొలుసు కట్టి ఎడ్లజతతో లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. దానికోసం ఏడాది పొడుగునా ఇంటి దగ్గర చిన్న బండతో సాధన చేయిస్తారు. ఈ సాధనలో బావకి ఒక శాసనం ఉండేది. బండ కట్టిన మర్నాడు ఎద్దు మెడ మీద కాడి పడకూడదు. ఆ రోజు దానికి వేడినీళ్ళ స్నానం. తొడ నుంచి గిట్ట దాకా నువ్వులనూనె మర్దనా. కాసేపు కాలవలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టడం. అంతే. ఉడకబెట్టిన ఉలవలు పెడితే ఎద్దు కాస్త మిగిల్చిందనుకోండి, బావ మొహం మాడిపోయేది. "బండ ఎక్కువైందిరా దీనికి" అని ఇంకో రెండు రోజులు కదపనిచ్చేవాడు కాదు.

ఒకసారి బావ దాయాది కుర్రాడొకడు ఈ సంగతి తెలియక, బావ ఇంట్లో లేనప్పుడు ఆ ఎడ్లను బండికి కట్టి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని బయల్దేరాడు. ముందురోజే వాటికి బండ కట్టారు. బావ ఎదురొచ్చి నడిరోడ్డు మీద బండి ఆపి కాడి విప్పేశాడు. బండి ముందుకు వంగి టిక్కీలు దుమ్ములో పడ్డాయి.

"ఒరేయ్, నిన్న లాగిన లాగుడికి దాని కండ లోపల చిట్లిపోయుంటది. అతుక్కోటానికి ఒక్క రోజు ఇవ్వలేవంట్రా? ముందు నీ మెడ మీద వేస్తా కాడి, రా!"

"తెలియక కట్టాను బాబాయ్."

"తెలియకపోతే అడగాలి. నువ్వంటే వాగుతావు. అది చెప్పుకోలేదు కదరా!"

ఆ మాట విని నేను బావను గౌరవించాను. ఏ పుస్తకంలోనూ చదవకుండా కండ చిట్లుతుందని, అతుక్కోవడానికి సమయం కావాలని ఆయనకు తెలుసు. తెలిసిన మనిషి. నా కోపమంతా ఆ తెలియడం మీదే. తెలియనివాణ్ణి క్షమించవచ్చు.

తొంభైల చివర్లో పత్తిని పచ్చపురుగు ఊడ్చేసిన కాలం అది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. వ్యవసాయం మీద నమ్మకం పోయి, పిల్లలకు ఎలాగైనా సర్కారీ ఉద్యోగం రావాలని ఇల్లిల్లూ కొట్టుకుపోతున్న రోజుల్లో ఆడపిల్లలకు కూడా కానిస్టేబులు ఉద్యోగాలు ఉన్నాయని పేపర్లో పడింది. ఆ పేపరు చదివి చెప్పింది నేనే. నా మేనకోడలు అప్పటికి ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో ఉంది. బళ్ళో చదివేటప్పుడు పరుగుపందెంలో దాన్ని పట్టుకున్నవాళ్ళు లేరు. పొడవాటి కాళ్ళు, చురుకైన నోరు.

"మామయ్యా, ఖాకీ వేసుకుని పర్చూరు బస్టాండులో నిలబడతా చూడు. బస్సులో నన్ను ఏడిపించిన వెధవలంతా వచ్చి నమస్తే మేడమ్ అనాలి."

"నాకో?"

"నువ్వు మామయ్యవి కదా, నీకు లాఠీ ఒక్కటే చూపిస్తా."

దానికి ఆ ఉద్యోగం కావాలి. నిజంగా కావాలి. వాళ్ళ నాన్న బలవంతం మీద పరిగెత్తిందని ఎవరన్నా అంటే ఒప్పుకోను. దాని కోరికను ఆయన ఏం చేశాడన్నదే నా గొడవ.

సెలక్షన్లలో పరుగు నెగ్గితేనే ఉద్యోగం కాబట్టి తెల్లవారుతూనే కాలవ కట్ట మీద పరుగు. ముందు పిల్ల, వెనక మోపెడ్ మీద తండ్రి. మెడలో విజిలు, హ్యాండిల్‌కి అడ్డంగా ఎడ్లు తోలే ముల్లుగర్ర. ఆ గర్రతో పిల్లను ఎన్నడూ తాకలేదు, ఆ మాట చెప్పాలి. పిల్ల కాస్త నెమ్మదించినప్పుడు మోపెడ్ రేకు మీద టకటకమని కొట్టేవాడు. ఎడ్లకు ఆ చప్పుడు అలవాటు. పిల్లకూ అలవాటైంది. పరుగయ్యాక ఇంటికొచ్చి ఉలవలు ఉడకేసేది. ఎండెక్కాక కల్లంలో మిరపకాయలు తిరగదోసేది. సాయంత్రం ఎడ్ల కాళ్ళకు నూనె రాసేది, అది దాని చిన్నప్పటి నుంచీ దాని పనే. పొద్దు వాలేలోగా మళ్ళీ కట్ట మీదికి. ఆదివారం లేదు, పండగ లేదు, జ్వరం లేదు.

మొదట్లో పిల్ల వేగం పెరిగింది. కట్ట మీద జనం చేరడం మొదలైంది. పొగాకు ఆరబెట్టే బేరన్లకు పోయేవాళ్ళు, పత్తి చేలకు పోయే ఆడాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఒకడు ఉడకబెట్టిన కోడిగుడ్లు తెచ్చేవాడు. ఒకావిడ మజ్జిగ తెచ్చేది. "ఇంకో చుట్టు వెయ్యవే తల్లీ, మా కోసం!" అనేవాళ్ళు. వాళ్ళ కోసమట! వేసేది. ఆ అరిచినవాళ్ళలో ఒక్కరైనా ఒక చుట్టు నడిచిన పాపాన పోలేదు.

సెలక్షన్లు వాయిదా పడ్డాయి. పడటంతో బావకు ఇంకాస్త సమయం చిక్కింది. చిక్కిన సమయాన్ని విశ్రాంతికి వాడొచ్చని ఆయనకు తోచలేదు. పరుగు పెంచాడు. ఆ తరవాతే పిల్ల వేగం తగ్గడం మొదలైంది. తగ్గేసరికి బావ దానికి పెట్టిన పేరు బద్ధకం. బద్ధకానికి మందుగా నడుముకి ఇసుక మూట కట్టాడు. ఇంకా తగ్గింది. ఇంకా పెంచాడు. పొలంలో పురుగుమందు కొట్టినట్టే. చావకపోతే ఇంకో డోసు.

ఎదురింట్లోంచి నాకు కనిపిస్తూనే ఉంది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. ఎప్పుడూ నవ్వే పిల్ల చిన్నమాటకు గిన్నె విసిరేది. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే ఒంట్లో సత్తువ లేదు. జలుబు వస్తే పోదు. బుగ్గలు పీక్కుపోయాయి. మా అక్క ఒకరోజు మా ఆవిణ్ణి పక్కకు పిలిచి, పిల్లకు నెలసరి ఆగిపోయిందని చెప్పి ఏడ్చింది. మా ఆవిడ నాకు చెప్పింది. ఇలాంటి మాట మగవాళ్ళు రాయకూడదంటారు. రాయకపోబట్టే ఆ బాధ ఆడవాళ్ళ చెవుల దగ్గరే ఆగిపోయింది. వినాల్సినవాడు వినలేదు.

ఆ సాయంత్రమే బావ దగ్గరికి పోయాను. కొట్టంలో ఎద్దు గంగడోలు నిమురుతూ ఉన్నాడు.

"బావా, పిల్లకి వారానికి ఒక రోజన్నా పరుగు మానిపించు."

"ఎందుకు?"

"ఎద్దుకి ఎందుకు మానిపిస్తున్నావో అందుకే."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఏరా బావమరిదీ, నా కూతురు నీకు గొడ్డులాగా కనిపిస్తందా?"

"గొడ్డుకంటే హీనంగా కనిపిస్తంది. గొడ్డు ఉలవలు మిగిలిస్తే కంగారు పడతావు. పిల్ల అన్నం మిగిలిస్తే పొగరంటావు."

"ఒరేయ్, గొడ్డు నోరులేనిది. దాని కష్టం మనం కనిపెట్టాలి. మనిషికి నోరుంది, మనసుంది. మనసు గట్టిగా ఉంటే ఒళ్ళు దాని వెనకాలే వస్తది. నీ పొట్లం కాగితాల్లో ఈ ముక్క రాయలేదా?"

"ఒళ్ళు రావడం లేదు బావా. లోపల ఆగిపోతంది. మా అక్కని అడుగు, ఏం ఆగిపోయిందో చెప్తది."

అర్థమైంది ఆయనకు. మొహం ఎర్రబడింది. "ఆడాళ్ళ సంగతులు నీకెందుకురా? సిగ్గూ ఎగ్గూ లేదా? పో, పోయి చదువుకో పో."

పక్కనే పిల్ల ఎద్దు కాలికి నూనె రాస్తూ కూర్చుని ఉంది. మా ఇద్దరి మాటలూ విన్నది. తల ఎత్తలేదు. వాళ్ళ నాన్న లోపలికి పోయాక, గిన్నెలో అడుగున మిగిలిన నూనె అరచేతిలోకి వంచుకుని, పరికిణీ కాస్త పైకి లాగి, తన ముంగాలికి రాసుకుంది. చెయ్యి తగలగానే పళ్ళు బిగించింది. అప్పుడు చూశాను, మోకాలికీ మడమకీ మధ్య ఎముక మీద వాపు.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఊరుకో మామయ్యా. నాన్నకి చెప్పావంటే నీతో మాట్లాడను. సెలక్షన్లు అయిపోనీ, తరవాత నెల్లాళ్ళు మంచం దిగను. అన్నం కూడా నువ్వే తినిపించాలి."

"నీ నోరెందుకే ఇట్లా పడిపోయింది? చెప్పు ఆయనకి."

"చెప్తే ఏమంటాడో నీకు తెలియదా? మనసు గట్టిగా లేదంటాడు."

చూశారా? నోరు ఉందన్నాడు గదా ఆయన! ఆ నోరు విప్పితే మనసు మెత్తదని ముద్ర వేసేది కూడా ఆయనే. ఇక ఎక్కడ విప్పుతుంది? ఎద్దుకి ఆ బాధ లేదు. దాణా వదిలేస్తే చాలు, దాని మాట చెల్లుతుంది.

నేను బావకి చెప్పనే చెప్పాను. పిల్ల నిజంగానే నాతో మాట్లాడటం మానేసింది. బావ చేసింది ఏమిటంటే, సున్నం బెల్లం పట్టు వేయించాడు. పట్టుతో వాపు లొంగకపోతే ఊరి ఆర్‌ఎంపీని పిలిపించి నొప్పి తెలియకుండా సూది వేయించాడు. సూది వేసిన మర్నాడు పిల్ల హాయిగా పరిగెత్తింది. "చూశావా, అంతా మనసులోనే ఉంది!" అని నా గుమ్మం ముందు మోపెడ్ ఆపి మరీ చెప్పి పోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాడికి కుడివైపు కట్టే ఆయన ఎలపట ఎద్దు రెండు పూటలు ఉలవలు సరిగా తినలేదు. ఏడాదంతా సాధన చేయించిన జతను తిరునాళ్ళకు తీసుకుపోకుండా ఇంట్లో కట్టేసుకున్నాడు. "పందెం మళ్ళీ వస్తది, ఎద్దు మళ్ళీ రాదు" అన్నాడు అడిగినవాళ్ళతో. ఎంత మంచి మాట! అదే నోటితో ఆర్‌ఎంపీకి కబురు పెట్టి ఇంకో సూది వేయించాడు కూతురికి.

సెలక్షన్ల తేదీ దగ్గర పడింది. ఒక పొద్దున నేనే కట్ట మీదికి పోయి అడ్డంగా నిలబడ్డాను. పిల్ల వస్తోంది. పరుగు కాదది, ఒక కాలు దాచుకుంటూ ఇంకో కాలితో ఎగురుతున్నట్టు ఉంది. వెనక మోపెడ్, రేకు మీద టకటక. చూసేవాళ్ళు గట్టు కింద బారుగా నిలబడ్డారు.

"ఆగవే!" అన్నాను.

"తప్పుకో మామయ్యా. ఎన్ని రోజులుందని ఇంక?" అంది. పక్కనుంచి దాటిపోయింది. అన్ని రోజుల తరవాత నాతో మాట్లాడిన మాట అదే.

దాటి కొంచెం దూరం పోయిందో లేదో, కాలు నేల మీద పెట్టింది. పెట్టిన కాలు నిలబడలేదు. గొయ్యి లేదు, రాయి లేదు, ఎవరూ తాకలేదు. చదునైన నేల మీద పడిపోయింది.

బావ మోపెడ్ పడేసి పరిగెత్తుకొచ్చాడు. "లే అమ్మా, లే. పట్టేసిందంతే. లేచి నాలుగడుగులేస్తే అదే సర్దుకుంటది."

అది లేవబోయింది! అదీ నా కడుపుమంట. ఆ స్థితిలో కూడా లేవడానికే చూసింది. మోకాలికి మడమకి మధ్య, వంగకూడని చోట కాలు వంగింది. అప్పుడు అరిచింది. ఆ అరుపు విన్నాక గుడ్లు తెచ్చేవాడు గుడ్లు పట్టుకునే అక్కణ్ణుంచి జారుకున్నాడు.

మంచం తెచ్చి ఇంటి దాకా మోశాం. పర్చూరు తీసుకుపోవాలి. ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో మిరపకాయలతో గుంటూరు యార్డుకు పోయింది, ట్రాక్టర్లు పొలాల్లో ఉన్నాయి. గుంపులోంచి ఎవరో అన్నారు: "నీ ఎడ్లే కట్టవయ్యా, గుర్రాల్లాగా పోతాయి."

అప్పటికి ఎద్దు కోలుకుంది. ముందురోజే బావ మళ్ళీ బండ కట్టించాడు. కొన్నేళ్ళుగా నోటికి అలవాటైన మాట, ఆయన ఆపుకోలేకపోయాడు.

"వద్దొద్దు, నిన్ననే బండ కట్టాం. ఇవాళ కాడి..."

అక్కడ ఆగిపోయాడు. మంచం మీద పిల్ల కళ్ళు తెరిచి వాళ్ళ నాన్న మొహంలోకి చూసింది. మా అక్క చూసింది. గుంపంతా విన్నది. నేను కొట్టంలోకి పోయి ఆ ఎడ్లను విప్పుకొచ్చాను. కాడి నేనే వేశాను. ఆయన నన్ను ఆపలేదు. పర్చూరు దాకా ఉరికించాను. అక్కణ్ణుంచి కారులో గుంటూరు. ఎడ్లకు ఏమీ కాలేదు, అది కూడా రాసి పెడుతున్నాను.

గుంటూరులో కుర్ర డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. "ఇది ఇవాళ పడి విరిగింది కాదండీ. ఎప్పటినుంచో సన్నగా చీలుతూ వచ్చింది. అతుక్కోడానికి టైమివ్వకుండా అదే చోట కొడుతూ పోతే చివరికి ఇలాగే విరుగుతుంది. నొప్పి మొదలైనప్పుడే ఆపి ఉంటే, విశ్రాంతితో పోయేది."

బావ ఆ డాక్టరుకు చేతులు జోడించి, "దిష్టి కొట్టిందండి. కట్ట మీద రోజూ జనం చూసేవాళ్ళు" అన్నాడు.

దిష్టట! ఊళ్ళోకి వచ్చాక అందరికీ అదే మాట నచ్చింది. నచ్చదా మరి? దిష్టి అంటే ఎవరి తప్పూ కాదు. చూసిన కళ్ళది తప్పు. ఇంకో చుట్టు వెయ్యమని అరిచిన నోళ్ళకు ఏ సంబంధమూ లేదు. గుమ్మడికాయ పగలగొట్టి చేతులు కడిగేసుకున్నారు. సెలక్షన్లు దాని కాలికి స్టీలు కడ్డీ వేసి ఉండగానే అయిపోయాయి. తరవాత మళ్ళీ ఉద్యోగాలు పడేసరికి దాని వయసు దాటింది. పొన్నూరు దగ్గర ఊరికి ఇచ్చి పెళ్ళి చేశారు. చలికాలంలో మెట్లెక్కాలంటే ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది.

అక్కడితో అయిపోతే నేను ఇదంతా రాయను. కొన్నేళ్ళకు, రెండువేల సంవత్సరం దాటి చాలాకాలమయ్యాక, మళ్ళీ కానిస్టేబులు ఉద్యోగాలు పడ్డాయి. ఊళ్ళో పిల్లలు, ఆడా మగా, కాలవ కట్ట మీద పరుగు మొదలుపెట్టారు. వాళ్ళకు మాస్టారు ఎవరనుకున్నారు? మా బావే. అదే మోపెడ్, అదే విజిలు. ఒక సాయంత్రం తన అరుగు మీద వాళ్ళను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తున్నాడు. నేను మా అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను.

"మా అమ్మాయి ఒక్క పూట మానలేదురా. జ్వరంలో పరిగెత్తింది. కాలు వాచినా పరిగెత్తింది. అట్టాంటి పట్టుదల ఉండాలి. దానికి దిష్టి తగిలింది గానీ, లేకపోతే ఈపాటికి ఎస్సై అయ్యుండేది."

కారానికి మిరపకాయలు తీసుకుపోదామని మా మేనకోడలు ఆ వారం పుట్టింటికి వచ్చింది. లోపల తొడిమలు తీస్తోంది. తీస్తున్న చేత్తోనే బయటికొచ్చింది, గడప పట్టుకుని.

"రేపు ఎవరూ రాకండి" అంది వాళ్ళతో.

పిల్లలు బిత్తరపోయారు. బావ వెనక్కి తిరిగి, "ఏంటే?" అన్నాడు.

"నిన్నా ఇవాళా పరిగెత్తారు గదా. రేపు ఇళ్ళ దగ్గర పడుకోమంటున్నా. వచ్చే వారం కూడా ఒక రోజు పడుకోండి. కాలు నొప్పొస్తే సూది వేయించుకోకండి, ఆగిపోండి." చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, మోకాలి కింద ఉన్న గాటు చూపించింది. "ఇది దిష్టి కాదు."

"నీ మంచికే గదమ్మా నేను..."

"నువ్వే అన్నావు గదా నాన్నా, నాకు నోరుందని. అప్పుడు వాడలేదు. ఇప్పుడు వాడుతున్నా."

లోపలికి పోయి మళ్ళీ తొడిమలు తీసుకుంటూ కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పులేసుకున్నారు. బావ చాలాసేపు అరుగు మీదే ఉన్నాడు. ఆయన మీద నాకు జాలి కలిగిందేమో అని మీరు ఎదురుచూస్తుంటే, లేదు. కలగలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మోపెడ్ చప్పుడైంది. లేచి నేనూ కట్ట దాకా పోయాను, చూద్దామని. గుంపు లేదు. చాలామంది నిజంగానే ఇళ్ళల్లో పడుకున్నారు. ఇద్దరు మాత్రం వచ్చారు. చేతులు రుద్దుకుంటూ, మిగతావాళ్ళకంటే మేం గట్టివాళ్ళం అన్నట్టు నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు. మా బావ విజిలు నోట్లో పెట్టుకున్నాడు. ఇంటి దగ్గర కొట్టంలో ఆ ఉదయం ఎడ్లు నెమరువేసుకుంటూ పడుకుని ఉన్నాయి. ముందురోజు వాటికి బండ కట్టారు.